ఖాళీ బండికి రసమట్టం

గత ఆదివారం నాడు టెక్సాస్‌లో ఉంటున్న మా మేనల్లుడు తన కొత్త వాహనాన్ని ఫోనులో చూపించాడు. వాహనమంటే కారు కాదు. ముందు అయిదుగురు కూర్చునే గది, వెనుక పైకప్పు లేని తొట్టి ఉన్న పికప్పు. దానిని పక్కనుంచి ఒకసారి, దూరంనుంచి ఒకసారి చూపించి "ఎలా ఉంది మావయ్యా?" అని అడిగాడు. బాగుందన్నాను. "అలా కాదు, సరిగ్గా చూడు, ఏమైనా మారిందా?" అన్నాడు. నాకేమీ కనిపించలేదు. అప్పుడు వాడే చెప్పాడు. కంపెనీ నుంచి వచ్చినప్పుడు బండి ముందుభాగం కాస్త కిందికి, వెనుకభాగం కాస్త పైకి ఉండేదట. గడ్డి మేస్తున్న గేదెలాగా ముక్కు నేలకు వంచినట్టు కనబడడం వాడికి నచ్చలేదట. ఒక షెడ్డుకు తీసుకుపోయి, ముందు స్ప్రింగుల దగ్గర ఉక్కు బిళ్ళలు వేయించి, ముక్కును రెండంగుళాలు పైకి లేపించి, ముందూ వెనుకా సమానం చేయించాడట. అక్కడ ఈ పనిని "లెవెలింగ్" అంటారట.

"ఇప్పుడు రసమట్టం పెట్టి చూసుకోవచ్చు మావయ్యా," అన్నాడు సంతోషంగా.

రసమట్టం అన్న మాట వాడి నోట విని ముచ్చటపడ్డాను. మేము ఇల్లు కట్టుకున్న రోజులలో వాడు ఎనిమిదేళ్ళ పిల్లవాడు. తాపీమేస్త్రి గోడమీద రసమట్టం పెట్టినప్పుడల్లా, గాజుగొట్టంలోని బుడగ సరిగ్గా రెండు గీతల మధ్యకు వచ్చి నిలిచేదాకా రెప్ప వేయకుండా చూసేవాడు. ఆ బుడగ మీది మోజు వాడిని వదలలేదన్నమాట.

ఫోను పెట్టేసిన తరువాత మాత్రం మనసు కుదుటపడలేదు. నా ఎడమచేతి మణికట్టు చలికాలంలో ఇప్పటికీ సలుపుతుంది. ఆ సలుపుకూ, ఒక బండి ముందువెనుకల ఎత్తుకూ దగ్గరి సంబంధం ఉంది. సాహిత్యం గురించి వ్రాసుకునే చోట ఇనుము గురించి వ్రాస్తున్నందుకు మిత్రులు మన్నించాలి. చివరిదాకా చదివితే ఇది ఇనుము ఒక్కదాని గురించే కాదని మీకే తెలుస్తుంది.

* * *

మాది రామభద్రపురానికీ సాలూరుకూ నడుమ ఒక పల్లె. నా చిన్నతనంలో మా నాన్నగారు నాటుబండి కట్టి ధాన్యం బస్తాలు, గోగునార మోపులు తోలేవారు. బండి నింపడమంటే బస్తాలు విసిరెయ్యడం కాదు. అంతా ఎక్కించాక ఎద్దులను కట్టకముందే ఆయన నొగ ముందుకు వచ్చి, కాడిని ఒక్క చేత్తో పైకెత్తి చూసేవారు. చేతికి కాస్త బరువు తగలాలి. మరీ బరువుగా ఉంటే "ముందు బరువు", ఎద్దుల మెడలు పుండ్లు పడతాయి. కాడి దానంతట అదే పైకి లేస్తూ ఉంటే "వెనక బరువు", మెడ కింది తాళ్ళు గొంతుకు బిగుసుకుని ఎద్దు ఊపిరాడక గింజుకుంటుంది. ఒక బస్తా ముందుకో, ఒక మోపు వెనక్కో జరిపి, మళ్ళీ ఎత్తి చూసి, తృప్తి కలిగాకే ఎద్దులను తెచ్చేవారు. ఎత్తు ఎక్కేటప్పుడు నొగమీదికి జరిగి కూర్చునేవారు, పల్లం దిగేటప్పుడు వెనక్కి జరిగేవారు. ఆయన చదువుకోలేదు. నేను తరువాత ముప్ఫయ్యేళ్ళపాటు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పాను. బలభ్రామకం అన్న పాఠం వచ్చినప్పుడల్లా మా నాన్నగారి బండినే నల్లబల్ల మీద గీసేవాణ్ణి. ఇరుసుకు ముందున్న బరువు కిందికి నొక్కుతుంది, ఇరుసుకు వెనుకనున్న బరువు ముందుభాగాన్ని పైకి లేపుతుంది. అంతకన్న అందులో రహస్యం లేదు.

గమనించవలసినది ఒకటుంది. ఆయన సమతూకం చూసినది నిండు బండికి. ఖాళీ బండి కాడి ఎటు వాలినా పట్టించుకోలేదు.

పికప్పును తయారుచేసేవారు కూడా చేసినది అదే. తొట్టిలో బరువు పడినప్పుడు వెనుకభాగం దిగుతుంది కనుక, ఖాళీగా ఉన్నప్పుడు వెనుకను రెండు మూడంగుళాలు ఎత్తుగా ఉంచుతారు. అనుమతించినంత బరువు ఎక్కించాక బండి ఇంచుమించు మట్టానికి వస్తుంది. అమెరికా బండ్లే కాదు, మన రాష్ట్రంలోనే శ్రీసిటీలో 2016 నుండి తయారవుతున్న ఇసుజు పికప్పులను పక్కనుంచి చూడండి, అదే వాలు కనబడుతుంది. ముందు కాయిల్ స్ప్రింగులు, వెనుక కమాను కట్టలు. ముందుది మనుషుల సుఖానికి, వెనుకది సరుకు బరువుకు. ఆ వాలు తయారీలో జరిగిన పొరపాటు కాదు. రాబోయే బరువుకోసం ముందుగా విడిచిపెట్టిన జాగా అది. అరుగుమీద అతిథికోసం ఖాళీగా ఉంచిన పీట వంటిది. మా వాడు ఆ పీటను వంకరగా ఉందని సర్దుకున్నాడు.

వాడి తొట్టిలో అతిథి ఎప్పుడూ రాడు. వారానికొకసారి సరుకుల సంచులు, ఏడాదికొకసారి ఇల్లు మారే స్నేహితుడి మంచం. కనుక వాడు చేసిన పనిని మహాపరాధమని నేను అనను. కానీ ముక్కు లేపినప్పుడు చక్రాలు నిలబడే కోణం మారుతుంది. అలైన్‌మెంటు మళ్ళీ చేయించకపోతే టైరు ఒక అంచునే అరుగుతుంది, కీళ్ళు తొందరగా వదులవుతాయి. ఇవన్నీ వాడి జేబుకు సంబంధించినవి. ఎదుటివాడి కంటికి సంబంధించినది మరొకటుంది. ముక్కుతోపాటు దీపాలు కూడా పైకి లేస్తాయి. ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్య దూరం 12 అడుగులనుకుంటే, ముక్కు రెండంగుళాలు లేచినప్పుడు 120 అడుగుల దూరంలో వెలుగు 20 అంగుళాలు పైకి పోతుంది. ఇది ఎనిమిదో తరగతి లెక్క. ఎదురుగా వచ్చేవాడికి మాత్రం ఇది లెక్క కాదు.

* * *

ఇక మా వైపు సంగతి.

మా రామభద్రపురం కూరగాయల సంతకు పేరు పొందినది. చుట్టుపక్కల పల్లెలలో పండిన వంకాయ, బీర, టమాటా, మిరప అక్కడికి చేరి, అక్కడినుండి సాలూరు దాటి, సుంకి ఘాటీ ఎక్కి ఒడిశాలోని కోరాపుట్ వైపు వెళతాయి. ఒకప్పుడు 43వ నంబరు జాతీయ రహదారి అనేవాళ్ళం, 2010లో నంబర్లు మార్చినప్పటి నుండి అది 26వ నంబరు. నాటుబండ్లు పోయాయి. 2005లో టాటా వారి ఏస్ వచ్చి, ఛోటా హాథీ అన్న ముద్దుపేరుతో సందుగొందుల్లోకి చేరింది. ఆ తరువాత దానికన్న పెద్ద పికప్పులు వచ్చాయి. ఇంటర్మీడియట్ తప్పిన కుర్రవాడికి వాయిదాల మీద బండి, బండిమీద సంసారం. మా వీధి చివర ఇంటి కుర్రవాడొకడు అలాగే ఒక పికప్పు కొనుక్కున్నాడు. నా దగ్గర చదువుకున్నవాడే.

కొన్నేళ్ళ కిందట కార్తీకమాసంలో ఒక సాయంత్రం వాడు పల్లెలోని సరుకంతా ఎక్కించుకుంటున్నాడు. అప్పటికే తొట్టి నిండి, వెనుక తలుపు దించి దానిమీద కూడా బస్తాలు పెట్టి తాళ్ళు బిగిస్తున్నాడు. నేను వెళ్ళి, "ఒరే, ఎలాగూ వెళ్ళేదే కదా, మావి కూడా ఎనిమిది బస్తాలున్నాయి, పైన పడెయ్యి," అన్నాను. "ఇప్పటికే ఎక్కువయ్యింది మాస్టారూ," అని నసిగాడు. "ఎనిమిదికి ఏమవుతుందిరా," అన్నాను. కాదనలేక ఎక్కించుకున్నాడు. ఎనిమిదికీ కలిపి విడిగా కిరాయి ఇవ్వాలన్న ఆలోచన నాకు రాలేదు. ఇవ్వమని అడగాలన్న ధైర్యం వాడికి రాలేదు. ఆ తరువాత నేను స్కూటరు మీద బొబ్బిలిలో ఒక శుభకార్యానికి వెళ్ళాను.

రాత్రి ఎనిమిదిన్నరకు తిరిగి వస్తున్నాను. ఎదురుగా రెండు దీపాలు, నేరుగా కళ్ళలోకి. రోడ్డు, అంచు, చెట్టు అన్నీ తెల్లబడిపోయాయి. దీపాలు తగ్గించమని నా దీపాన్ని రెండుసార్లు ఆర్పి వెలిగించాను. ఆ దీపాలు మారలేదు. కల్వర్టు అంచు ఎక్కడుందో తెలియక పక్కకు పోనిచ్చి, కంకర మీద జారి పడ్డాను. స్కూటరు ఒక వైపు, నేను ఒక వైపు. ఎదుటి బండి ఆగింది. పరుగెత్తుకొచ్చినవాడు మా వీధి కుర్రవాడే. "ఓలమ్మో, మాస్టారూ, మీరేటి!" అని బావురుమన్నాడు. నన్ను లేవనెత్తి బండిలో తన పక్కన కూర్చోబెట్టుకుని రామభద్రపురం తీసుకుపోయాడు.

ఆ ప్రయాణంలో ఒక దృశ్యం చూశాను. దీపాలు తగ్గించే ఉన్నాయి. అంటే ఇందాక కూడా వాడు తగ్గించే నడిపాడు. కానీ వెలుగు రోడ్డు మీద పడడం లేదు. దారి పక్కనున్న చింతచెట్ల కొమ్మల మీద పడుతున్నది. ఆకు ఆకునా వెలుగే. చక్రం ముందు పది గజాల అవతల అంతా చీకటి. వెనుక బరువుకు బండి కూర్చుండిపోయి ముక్కు ఆకాశంలోకి లేచింది. పదడుగుల బండికి వెనుకభాగం మూడంగుళాలు దిగితే 100 అడుగుల దూరంలో వెలుగు రెండున్నర అడుగులు పైకి లేస్తుంది. రెండడుగుల ఎత్తులో ఉండవలసిన వెలుగు అంచు నాలుగున్నర అడుగులకు వస్తుంది. స్కూటరు మీద కూర్చున్నవాడి కన్ను ఉండేది ఇంచుమించు అక్కడే.

విరిగిన చేతిని ఒడిలో పెట్టుకుని నేను ఆ లెక్క వేశాను. ఆ మూడంగుళాలలో నా ఎనిమిది బస్తాల వాటా ఎంత అన్న లెక్క మాత్రం ఆ రాత్రి వెయ్యలేదు.

* * *

చేతికి కట్టు ఉండగానే వాడిని పిలిచి, "బండి మట్టం సరిచేయించు, సగం ఖర్చు నేను పెట్టుకుంటాను," అన్నాను. ఇద్దరం సాలూరు వెళ్ళాము.

సాలూరు గురించి మా జిల్లాల బయటివారికి అంతగా తెలియదు. 2022 ఏప్రిల్ నుండి అది పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది, అంతకు ముందు విజయనగరం జిల్లాలోది. ఘాటీ మొదట్లో ఉన్న ఆ చిన్న పట్టణం లారీలమీద బ్రతికే ఊరు. లారీ యజమానులు, డ్రైవర్లు, బాడీలు కట్టే వడ్రంగులు, వెల్డింగువారు, రంగులవారు, టైర్లవారు, వీరందరితోపాటు కమాను కట్టల మేస్త్రీలు. కొలిమిలో ఎర్రబడిన పట్టీని సమ్మెటతో కొట్టి వంపు తెప్పించే చప్పుడు అక్కడ నేను చిన్నప్పటినుండి విన్నదే. మేము వెళ్ళిన మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. బండి చూసి, రెండు పట్టీలు అదనంగా వేసి, యూ బోల్టులు బిగించి, సాయంత్రానికి అప్పగించాడు. ఖాళీ బండి తోక మునుపటికన్న పైకి లేచింది. సరుకు ఎక్కించాక చూస్తే, రసమట్టం పెట్టినట్టు సమంగా నిలిచింది. ఆ రాత్రి దీపాల వెలుగు రోడ్డుమీదే పడింది. సమస్యను పరిష్కరించామని మురిసిపోయాను.

బయలుదేరే ముందు ఆ మేస్త్రి అన్న మాట నాకు అప్పుడు వేళాకోళంగా తోచింది. "బండి కూకుండిపోనాదని నా కాడికొత్తారు మాస్టారూ. లేవదియ్యమంటారు, లేవదీత్తాను, అది నా పని. మీ బళ్ళో గుంటడు మూట మొయ్యలేక కూకుండిపోతే, మూట దించుతారా, ఈపుకి కర్ర కడతారా?"

రెండు నెలల తరువాత మా కుర్రవాడు కోరాపుట్ వైపునుండి అల్లం, చింతపండు వేసుకుని ఘాటీ దిగుతూ ఒక మలుపులో బండిని ఆపలేక గోడకు రాసుకుపోయాడు. దేవుడి దయవలన ఎవరికీ ఏమీ కాలేదు. ఒక పక్క రేకంతా లోపలికి పోయింది. బ్రేకు తొక్కితే ముందు చక్రాలే పట్టాయనీ, వెనుక చక్రాలు తోసుకుంటూ వచ్చాయనీ చెప్పాడు. బండిని చూసిన మరొక మెకానిక్కు వెనుక ఇరుసు పక్కన ఉన్న సన్నని కడ్డీని చూపించి, దాని పని వివరించాడు. అప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

ఆ కడ్డీ సంగతి చాలామంది యజమానులకు తెలియదు కనుక ఇక్కడ కాస్త వివరంగా వ్రాస్తాను. ఖాళీ పికప్పు వెనుక చక్రాలమీద బరువు తక్కువ. గట్టిగా బ్రేకు పడితే అవి పట్టుకుపోయి బండి అడ్డం తిరుగుతుంది. నిండు బండికి వెనుక బ్రేకు బలంగా పడాలి. కనుక చాలా పికప్పులలో వెనుక బ్రేకుకు వెళ్ళే ఒత్తిడిని బరువును బట్టి హెచ్చించే, తగ్గించే ఒక కవాటం ఉంటుంది. బరువెంతో దానికి తెలిసేది ఎలా? కాటా ఏమీ లేదు. చాసిస్‌కూ ఇరుసుకూ మధ్య ఎడం ఎంత ఉందో ఆ కడ్డీ కొలుస్తుంది. ఎడం తగ్గితే బరువుందని, ఎడం ఎక్కువుంటే బండి ఖాళీ అని లెక్క. మనం రెండు పట్టీలు అదనంగా వేసి ఆ ఎడాన్ని తగ్గకుండా చేశాము. తొట్టినిండా సరుకుతో ఘాటీ దిగుతున్న ఆ బండి తాను ఖాళీగా ఉన్నాననుకున్నది. వెనుక బ్రేకును ఖాళీ బండికి ఇచ్చినట్టే ఇచ్చింది.

ఆ మలుపులో జరిగినదానికి పట్టీలే కారణమని నేను ప్రమాణం చేసి చెప్పలేను. కానీ ఆ పట్టీలు వేయించినది నేనని మాత్రం చెప్పగలను.

* * *

నా అభిప్రాయం ఇప్పుడు సూటిగా చెబుతాను. బండి కూర్చుండిపోవడం జబ్బు కాదు. అది బండి మాట్లాడే భాష. "ఇంక మొయ్యలేను" అని అది మనకు అర్థమయ్యేలా చెప్పగలిగిన ఏకైక విధానం. అదనపు పట్టీ వేయడమంటే దానికి బలం ఇవ్వడం కాదు, నోరు నొక్కడం. స్ప్రింగు గట్టిపడినంత మాత్రాన ఇరుసు లావు కాదు, హబ్బు బేరింగు పెద్దది కాదు, బ్రేకు డ్రమ్ము వెడల్పు కాదు, టైరుమీద అచ్చువేసిన అంకె మారదు. బరువంతా వాటిమీదే పడుతుంది, కంటికి మాత్రం బండి సమంగా కనబడుతుంది. పైగా తిరుగు ప్రయాణంలో ఖాళీగా వచ్చేటప్పుడు ఆ గట్టి కమాను ప్రతి గతుకుకూ ఎగురుతుంది, చక్రం నేలను వదులుతుంది. వానలో అది ఎటు జారుతుందో ఎవరూ చెప్పలేరు.

చట్టం లేక కాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ఉంది. తయారీదారు నిర్దేశించి రిజిస్ట్రేషనులో నమోదైన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని అది చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటను మరింత గట్టిగా చెప్పింది. 194వ సెక్షను ఉంది. 2019 సవరణ తరువాత అధికభారానికి 20,000 రూపాయల జరిమానా, ఆపైన ప్రతి అదనపు టన్నుకూ 2,000. ఎక్కువైన సరుకు దించేదాకా బండి కదలకూడదు. రిజిస్ట్రేషను పత్రంలో ఖాళీ బరువు ఒకటి, మొత్తం బరువు ఒకటి ముద్రించే ఉంటాయి. ఆ రెంటి తేడాయే మనం ఎక్కించదగిన సరుకు. అదనపు పట్టీల బరువు కూడా అందులోనుంచే పోతుందన్న సంగతి ఎవరూ ఆలోచించరు. మా వైపు బ్రేకు ఇనస్పెక్టరు కనబడితే బండి పక్క సందులోకి తిరుగుతుంది, ఆయన వెళ్ళాక మళ్ళీ రోడ్డెక్కుతుంది. కమాను కట్టలో పట్టీలెన్ని ఉన్నాయో లెక్కపెట్టిన వారిని నేను చూడలేదు.

ప్రభుత్వాలూ ఒక్కోసారి పట్టీలు వేస్తాయి. 2018 జులైలో భారీ లారీల ఇరుసులు మొయ్యదగిన బరువును కేంద్రం పెంచింది. రెండు ఇరుసుల లారీ మొత్తం బరువు 16.2 టన్నులనుండి 18.5 టన్నులకు చేరింది. ఎలాగూ మోస్తున్నదే కదా, చట్టబద్ధం చేస్తే రవాణా ఖర్చు తగ్గుతుందన్న వాదన ఉన్నది. కొత్తగా, ఆ బరువుకు తగ్గట్టు తయారైన బండికి అది న్యాయమే. అప్పటికే పదేళ్ళు తిరిగిన ఇరుసుకు మాత్రం గెజిట్ చదవడం రాదు.

ఇక కుర్రవాళ్ళ వాదన వినాలి. అది విననివాడికి ఈ విషయంలో మాట్లాడే హక్కు లేదని నా నమ్మకం. ఘాటీ సంఘటన తరువాత మా కుర్రవాడిని మందలించబోతే వాడు తల వంచుకునే అన్నాడు: "డీజిలు పెరుగుతాది, టైరు పెరుగుతాది, వాయిదా ఆగదు. కిరాయి ఒక్కటే పెరగదు మాస్టారూ. ఒక ట్రిప్పులో రెండు ట్రిప్పుల సరుకెయ్యకపోతే నాకేటి మిగుల్తాది? నేనెయ్యనంటే ఎనకాల ఇంకొకడున్నాడు." ఇందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. మా పల్లెలలో కిరాయి బస్తాకు కాదు, ట్రిప్పుకు. ట్రిప్పుకు ఇంత అని మాట్లాడుకున్నాక, సరుకు గలవాడు ఎంత ఎక్కువ ఎక్కిస్తే వాడికి అంత లాభం. ఆ ఎక్కువను మొయ్యవలసినది బండి, జరిమానా కట్టవలసినది యజమాని, లోయలో పడవలసినది డ్రైవరు, కళ్ళు పోగొట్టుకోవలసినది ఎదురుగా వచ్చే స్కూటరువాడు. సరుకు గలవాడికి మాత్రం ఏమీ కాదు. నా విషయంలో దైవం హాస్యప్రియుడు కనుక, సరుకు గలవాడినే స్కూటరు మీద ఎదురుగా పంపించాడు.

కనుక మట్టం తప్పినది కమానులో కాదు, కిరాయిలో. అక్కడ సరిచేయకుండా ఇక్కడ ఎన్ని పట్టీలు వేసినా ఆ వాలు వేరొక చోట బయటపడుతుంది. కిరాయిని ట్రిప్పుకు కాక క్వింటాలుకు కట్టాలి. రామభద్రపురంలోనూ సాలూరులోనూ కాటాలకు కొదవ లేదు. కాటా చీటీ చూసి డబ్బిచ్చే అలవాటు సరుకు గలవారు చేసుకుంటే, రెండు ట్రిప్పుల సరుకుకు రెండు ట్రిప్పుల డబ్బు వస్తుంది, కుర్రవాడు రెండుసార్లు తిరుగుతాడు. వంకాయ ధర కిలోకు కొన్ని పైసలు పెరుగుతుంది. ఆ పైసలు ఇప్పుడు కూడా ఎవరో ఒకరు కడుతూనే ఉన్నారు. కొందరు చేతులతో, కొందరు కాళ్ళతో.

ఇది ఆచరణసాధ్యం కాదని మిత్రులెవరైనా అనవచ్చు. మా పల్లెలో పదకొండుమంది రైతులం కూర్చుని క్వింటాలు లెక్కకు మారాము. అందరూ మారలేదు. మారినవారిలో ఇద్దరు వెనక్కి పోయారు. మిగిలినవారితో మా కుర్రవాడికి వారానికి అదనంగా ఒక ట్రిప్పు వస్తున్నది. ఆ డబ్బుతో వాడు సాలూరు వెళ్ళి రెండు పట్టీలూ తీయించేశాడు. మేస్త్రి వాటిని విప్పుతూ, "ఇన్నాళ్ళ నా సర్వీసులో ఎయ్యమన్నోళ్ళే గాని తియ్యమన్నోడు నువ్వేరా," అన్నాడట. కూలి కూడా సగమే తీసుకున్నాడట.

* * *

మేనల్లుడికి ఇదంతా నిన్న ఫోనులో చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "అయితే తీయించెయ్యమంటావా మావయ్యా?" అన్నాడు. తీయించమని నేను అనలేదు. ఒక పని మాత్రం చెప్పాను. రాత్రి సమతలమైన చోట గోడకు పాతికడుగుల దూరంలో బండి నిలబెట్టి, దీపాలు తగ్గించి, వెలుగు అంచు దగ్గర సుద్దముక్కతో గీత గియ్యి. నేలనుండి దీపం మధ్యభాగం ఎంత ఎత్తులో ఉందో కొలిచి, గోడమీద ఆ ఎత్తున రెండో గీత గియ్యి. వెలుగు అంచు ఆ రెండో గీతకన్న కాస్త కిందనే ఉండాలి. పైన ఉంటే, నీ బండి నీకు అందంగానూ, ఎదుటివాడికి అంధత్వంగానూ ఉన్నట్టు.

ఈ పరీక్ష మీరూ చేయవచ్చు. కారు ఉన్నవారు వెనుక సీటులో నలుగురినీ, డిక్కీలో సామానునూ ఎక్కించి మరీ చేయండి. కొన్ని కార్లలో స్టీరింగు పక్కన సున్నా, ఒకటి, రెండు, మూడు అని అంకెలున్న చిన్న చక్రం ఉంటుంది. వెనుక బరువు పడినప్పుడు దీపాలను కిందికి వంచడానికే దానిని పెట్టారు. కొన్న నాటినుండి దానిని ముట్టుకోనివారు మనలో ఎందరో ఉన్నారు.

ఈ ఉదయం మేనల్లుడి సందేశం వచ్చింది. గోడ ఫొటో పంపించాడు. రెండు సుద్దగీతలు. వెలుగు అంచు రెండో గీతకు పైన. కింద ఒకే మాట: "దించుతున్నాను."

ఇది ముగిస్తుండగా మా కిటికీ ముందునుంచి కుర్రవాడి పికప్పు వెళ్ళింది. సంతకు సరుకు వేసి ఖాళీగా తిరిగి వస్తున్నది. తోక కాస్త పైకి, ముక్కు కాస్త కిందికి. ఒకప్పుడైతే వంకరగా ఉందనుకునేవాణ్ణి.